ముధోల్ లెక్క: దాతకు డాక్టర్ ఇవ్వాల్సిన కాగితం

నూటికి 1.84 మంది. 1996-2000 మధ్య ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించి తేల్చిన అంధత్వం ఇది. హైదరాబాద్‌తో పాటు ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి పల్లెల్లో ఈ సర్వే జరిగింది. అంధుల్లో 44 శాతం మందికి శుక్లాలు, 16.3 శాతం మందికి సరైన కళ్లద్దాలు లేకపోవడమే కారణం. అంటే నూటికి అరవై మందికి చూపు తెప్పించొచ్చు.

విరాళాలు సేకరించేవారు డాక్టర్ దగ్గర ముందుగా తీసుకోవాల్సింది ఇలాంటి లెక్కే. 5 లక్షల జనాభాకు ఒక గ్రామీణ కంటి ఆస్పత్రి అన్నది ఎల్వీ ప్రసాద్ సంస్థ పద్ధతి. ఆ పాత రేటే పట్టుకుంటే అంతమందిలో 9,200 మంది అంధులు. వాళ్లలో సుమారు 4,000 మందికి ఆపరేషన్ కావాలి, 1,500 మందికి అద్దాలిస్తే చాలు. ఫొటోల కంటే ఈ నాలుగు అంకెలకే దాత త్వరగా కదులుతాడని నా నమ్మకం.

అలాంటి మొదటి గ్రామీణ ఆస్పత్రి 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లోనే వెలిసింది. భోస్లే గోపాల్‌రావు పటేల్ పేరు పెట్టారు. ముధోల్ ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది. ఇలాంటి ఆస్పత్రికి అనుబంధంగా 50 వేల మందికొకటి చొప్పున విజన్ సెంటర్లు ఉంటాయి. ఆ చిన్న గదిలో స్లిట్ ల్యాంప్, అద్దాల పెట్టె, గోడకు అక్షరాల చార్ట్. పరీక్షించేది ఏడాది శిక్షణ పొందిన స్థానిక యువతీ యువకులు, వాళ్లే విజన్ టెక్నీషియన్లు. అద్దాలతో సరిపోయేవారికి అక్కడే ఇస్తారు, శుక్లాలవారిని పెద్దాస్పత్రికి పంపుతారు.

ఆపరేషన్ థియేటర్‌కు నాన్నగారి పేరు పెట్టమనే దాతలు దొరుకుతారు, అందులో తప్పేమీ లేదు. హైదరాబాద్ ఆస్పత్రి కూడా ఎల్వీ ప్రసాద్ కుటుంబం ఇచ్చిన కోటి రూపాయలు, 5 ఎకరాలతోనే మొదలైంది. అమెరికా వదిలి వచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో దాన్ని తెరిచారు. నాటి నుంచి సగానికి పైగా రోగులకు అక్కడ ఉచిత వైద్యం. అయితే విజన్ టెక్నీషియన్ నెల జీతానికి పేరు ఎవరూ అడగరు. ఆ జీతం ఎందుకు ముఖ్యమో దాత ఎదుట కూర్చుని చెప్పాల్సింది డాక్టరే. అంతవరకే ఆయన పని. ఓపీలో ఉన్న రోగిని చందా అడగమని గానీ, రోగి వివరాలు అనుమతి లేకుండా ఇమ్మని గానీ ఆయన్ని ఒత్తిడి చేయకూడదు.

ఇక కరీంనగర్ వైపు దాతల్లో విదేశాల్లో ఉన్నవారూ ఉంటారు. దుబాయ్‌లో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్న తమ్ముడు సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అక్క పంపితే విదేశీ విరాళమే, ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. అందులో పరిపాలన ఖర్చు 2020 నుంచి 20 శాతం దాటకూడదు. ఆస్పత్రి డాక్టర్ల జీతాలు మాత్రం ఆ 20 శాతంలోకి రావు. కాబట్టి డాక్టర్ల జీతాలకు డబ్బు కావాలని ఆ అక్కను నేరుగానే అడగొచ్చు.