చికున్‌గున్యా కీళ్లవాపు – ఇంటర్‌ఫెరాన్ల రక్షణ

కాకినాడ: 2005 చివరలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తి, 2006లో దేశంలోని పలు రాష్ట్రాలను పీడించిన చికున్‌గున్యా, జ్వరం తగ్గిన తరువాత కూడా కొందరిని నెలల తరబడి కీళ్లనొప్పులతో బాధించిన విషయం విదితమే. ఈ వాపు అందరిలో ఒకే తీరున ఉండకపోవడానికి గల కారణాలలో దేహ రక్షణ వ్యవస్థకు చెందిన సంకేత ప్రోటీన్లు ముఖ్యమైనవి.

వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్లు అనే ప్రోటీన్లను వెలువరించి పొరుగు కణాలను హెచ్చరిస్తుంది. గోదావరి వరద కబురు భద్రాచలం నుండి ధవళేశ్వరానికి ముందుగా చేరినట్లే, ఆ హెచ్చరిక అందిన కణాలు వైరస్ వృద్ధిని నిరోధించేందుకు సిద్ధపడతాయి. ఈ సంకేతాన్ని గ్రహించలేని ఎలుకలలో వ్యాధి తీవ్రరూపం దాల్చినట్లు 2008లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. అయితే సంకేత ప్రోటీన్లన్నీ మేలు చేసేవి కావు. ఇంటర్‌ల్యూకిన్-6 వంటివి అధికమైతే వాపు పెరుగుతుంది. ఇంటర్‌ఫెరాన్‌ను ఈ వ్యాధికి ఔషధంగా వాడే ఆమోదిత చికిత్స లేదు.

ఈ దృష్ట్యా జ్వరం వచ్చిన తొలి రోజులలో, రక్షణ వ్యవస్థను అణచివేసే స్టెరాయిడ్లను వైద్యుల సలహా లేనిదే వాడరాదు. డెంగీ కాదని నిర్ధారణ అయ్యేవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు రక్తస్రావానికి దారితీయవచ్చు. అంతవరకు పారాసిటమాల్ మేలు. కాకినాడ పరిసర ప్రజలు రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యులను సంప్రదించవచ్చు.

రెండు వ్యాధులనూ వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగులో కన్న నిల్వ ఉన్న మంచినీటిలోనే ఎక్కువగా పెరిగి, పగటివేళ కుడుతుంది. కాలువలపై మందు చల్లినంత మాత్రాన సరిపోదు. పెరట్లోని తొట్లు, కొబ్బరి చిప్పలు, పాత టైర్లలోని నీటిని వారానికొకసారి పారబోయించవలసి ఉన్నది.