పన్నెండు మెట్ల కిన్నెర ఎట్ల పలుకుతది?

సినిమాల్ల గిటారు అందరం చూసినం. స్పెయిన్ దేశంల ఫ్లామెంకో అని ఒక గిటారు విద్య ఉన్నది. వాయించేటాయన గోళ్లతో తీగెలు మీటుకుంటనే, వేలితో పెట్టె మీద టక్కున కొట్టి తాళం గూడ వేస్తడు. అంతటి పనితనం మన తెలంగాణలనే ఉన్నది. దాని పేరు కిన్నెర. వాయించే పెద్దమనిషి దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. డక్కలి కులస్తుడు. తాతతండ్రుల నుంచి వచ్చిన విద్య.

కిన్నెరకు ఒక వెదురు బొంగు, కింద మూడు ఎండిన సొరకాయ బుర్రలు ఉంటాయి. బొంగు మీద పన్నెండు మెట్లు. వెనకట ఈ మెట్లను అలుగు పొలుసులతో చేసి తేనెమైనంతో అతికించేవారు. (అలుగును ఇప్పుడు పట్టకూడదు, చట్టం ఒప్పుకోదు.) గిటారు మెట్టు జరగదు. మైనమైతే కొంచెం వేడి చేసి జరుపుకోవచ్చు.

బుర్రలు ఎందుకు అని నాకు అనుమానం వచ్చింది. ఒక కట్టెకు సన్న తీగె బిగించి మీటిన. పక్కన కూసున్నోనికి గూడ సరిగ వినపడలేదు. అదే కట్టెను మన మెస్ పళ్లెం మీద ఆనించి మీటితే గదంతా మోగింది! సన్నటి తీగె గాలిని ఎక్కువ కదపలేదు. దాని అదురు బొంగులోకి, బొంగు నుంచి బుర్రలోకి పోతే, బుర్ర, దాని లోపలి గాలి కలిసి పెద్దగ పలుకుతాయి. గిటారుకు చెక్కపెట్టె చేసే పని ఇదే.

ఇక మెట్టు సంగతి. మెట్టు మీద వేలు నొక్కితే మోగే తీగె పొట్టిదైతది. పొట్టి తీగె వేగంగా అదురుతది, స్వరం పైకి ఎక్కుతది. సరిగ్గా సగం కాడ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో వస్తది. అందుకే మెట్ల నడుమ ఎడం సమానంగా ఉండదు, పైకి పోయినకొద్దీ దగ్గరైతాయి. మొగులయ్య ఒక చేత్తో ఈ మెట్లు వెతుక్కుంటూ, ఇంకో చేత్తో మీటుతూ, నోటితో పండుగ సాయన్న కథ పాడతడు. మూడు పనులు ఒక్కసారే. నాకైతే మీటుకుంట అంకెలు లెక్కపెట్టుడే చేతకాలేదు.

ఇది నిన్నమొన్నటిది కాదు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో రాసిన బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే శివభక్తుని కథ ఉంది.

2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో మొగులయ్య గొంతు ఊరూరా వినపడ్డది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో మాత్రం ఆయన కూలిపని చేస్తున్నడని పత్రికల్లో పడ్డది. చప్పట్లు కొట్టినోళ్లం, ఆయన బతుకు సంగతి అడిగినోళ్లం ఎందరం?

అదే 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య మణుగూరు దిక్కు కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ డోలితో పాడేవారు. 2024 జూన్‌లో కాలం చేసిండ్రు.

మన హాస్టల్‌లో కోయోళ్లు, లంబాడోళ్లు అందరం ఉన్నం. సెలవులకు పోయినప్పుడు ఇంటి దూలానికి వేలాడే వాయిద్యం ఏదున్నా బొమ్మ గీసి, ఏ భాగాన్ని ఏమంటరో తాతను అడిగి రాసుకురాండ్రి. వార్డెన్ సారు ఇంకో రెండు చార్టులు ఇస్తమన్నరు.