కమాను కట్టలో ఒక పట్టీ

మా పికప్పు పాడేరు కొండదారుల్లో సంతసరుకు మోస్తుంది. వెనుక దిగబడుతోందని కమాను కట్టకు మందపాటి పట్టీ ఒకటి అదనంగా వేయించాం. బరువుతో బాగానే నడిచింది. ఖాళీగా ఘాట్ దిగుతూంటే మాత్రం చక్రాలు ఎగిరెగిరి పడ్డాయి. ఒక మలుపులో బ్రేకు తొక్కితే బండి లోయవైపు జారింది. గట్టుమీది రాయి ఆపబట్టి నేనివాళ ఇది రాస్తున్నాను.

క్లాసులో విన్న పాఠం అప్పుడు బుర్రకెక్కింది. స్ప్రింగు కుదుపును దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. దాన్ని వేడిగా మార్చి అణచేది షాక్ అబ్జార్బరు. అందులో పిస్టను నూనెను సన్నని రంధ్రాలగుండా నెడుతుంది. స్ప్రింగు గట్టిపడితే షాకూ అందుకు తగ్గదై ఉండాలి. పట్టీ మందం రెట్టింపైతే దాని గట్టిదనం ఎనిమిదింతలు! అందుకే పలచని పట్టీ వేయించి, షాకులు మార్పించాం. టైరు నేలను విడవకుంటేనే బ్రేకుకు బలం. బండి ఎత్తు పెంచడం కాదు మిత్రులారా, పట్టు నిలపడమే అసలు పని.