కట్టు తప్పిన కణాలు

న్యూజిలాండ్ దేశపు ఆదివాసులైన మావోరీలలో ఒక కుటుంబాన్ని జీర్ణాశయ కాన్సర్ తరతరాలుగా కబళిస్తూ వచ్చింది. యౌవనంలో ఉన్నవారు సైతం దానికి బలయ్యారు. కారణం తెలుసుకొనగోరి ఆ కుటుంబీకులు ఒటాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో చేతులు కలిపారు. 1998లో ప్యారీ గిల్‌ఫర్డ్ బృందం అసలు దోషాన్ని కనుగొన్నది. అది ఇ-కాడ్‌హెరిన్ అనే ప్రోటీనును తయారుచేసే జన్యువులో ఉన్నది.

ఇటుకల నడుమ సున్నం వలె కణాలను కలిపి ఉంచే ప్రోటీనులను కణబంధక అణువులంటారు. ఇ-కాడ్‌హెరిన్ వాటిలో ఒకటి. నిజానికి సున్నంతో పోలిక పూర్తిగా పొసగదు. ఇవి కణం వెలుపలికి చాచిన చేతుల వంటివి. పొరుగు కణం చాచిన చేతులను అందుకొంటాయి. ఆ పట్టు నిలవడానికి కాల్షియం కావాలి.

ఈ సంగతి బయటపడిన తీరు ముచ్చటైనది. 1970వ దశకంలో మసతోషి తాకెయిచి అనే జపాన్ శాస్త్రజ్ఞుడు క్యోటో నుండి అమెరికాలోని బాల్టిమోర్‌కు వెళ్ళాడు. ట్రిప్సిన్‌తో విడదీసిన కణాలు క్యోటోలో మళ్ళీ చప్పున గుమికూడేవి, బాల్టిమోర్‌లో కూడలేదు. విచారించగా, అక్కడి ద్రావణంలో కాల్షియాన్ని హరించే ఈడీటీఏ అనే రసాయనం కలిసి ఉన్నదని తేలింది. కాల్షియం రక్షణ లేనందున ట్రిప్సిన్ ఆ బంధక ప్రోటీనులను ఛేదించివేసింది. ప్రయోగం చెడిందని విసుగుచెంది ఊరకుండినచో ఆ రహస్యం అప్పటికి మరుగునే ఉండిపోయేది.

ఈ పట్టు కణాల పెరుగుదలను కూడా హద్దులో ఉంచుతుంది. అది సడలితే కాన్సర్ కణం గుంపును వీడి, రక్తంలోనో శోషరసంలోనో ప్రవేశించి, దూరపు అవయవాలకు చేరగలదు. అయితే బంధం తెగితేనే వ్యాధి వ్యాపిస్తుందని భావించరాదు. 2019లో ప్రకటితమైన ఒక పరిశోధనలో రొమ్ము కాన్సర్ కణాల నుండి ఇ-కాడ్‌హెరిన్‌ను తొలగించగా, అవి చుట్టుపక్కలకు మరింతగా చొచ్చుకుపోయినా, దూరాన స్థిరపడలేక అధికభాగం నశించాయి.

మావోరీ కుటుంబంలోని వ్యాధి తీరు వేరు. దానిలో కణాలు గడ్డకట్టక జీర్ణాశయపు గోడలో విడివిడిగా చెదిరిపోతాయి. అందువలన ఎండోస్కోపీ పరీక్షకు సైతం తరచు చిక్కవు. కాబట్టి ఆ జన్యుదోషం ఉన్నవారిలో పలువురు, ఏ బాధా లేనప్పుడే, జీర్ణాశయాన్ని పూర్తిగా తీయించుకొంటున్నారు. ఇది తేలికైన నిర్ణయం కాదు. ఆపైన జీవితాంతం కొద్దికొద్దిగా పలుమార్లు భుజించాలి. బి12 విటమిన్‌ను బయటినుండి అందించాలి. రక్తపరీక్షలో దోషం లేదని తేలినవారికి మాత్రం ఆ శస్త్రచికిత్స అవసరం లేదు.