ట్విన్ బైకుకు ఏ ఆయిల్? ‘సింథటిక్’ అన్న మాట ఒక్కటే చాలదు

రెండు సిలిండర్ల మోటార్ సైకిళ్లు మన రోడ్ల మీద ఇప్పుడు అరుదు కావు. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ 648 సీసీ ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ బండ్లను దేశంలో విడుదల చేశాక ట్విన్ ఇంజన్ మరింత మందికి అందుబాటులోకి వచ్చింది. ఇలాంటి బండి కొన్నవారికి సర్వీసు సమయంలో ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. మినరల్, సెమీ సింథటిక్, ఫుల్లీ సింథటిక్ ఆయిళ్లలో ఏది పోయించాలి? ఖరీదైనదే మంచిదని కొందరు, సింథటిక్ పోస్తే క్లచ్ జారిపోతుందని మరికొందరు చెబుతుంటారు. ఈ రెండు మాటల్లోనూ నిజం సగమే. పొరపాటు ఎంపికకు మూల్యం మాత్రం క్లచ్ ప్లేట్ల రూపంలోనో, బేరింగుల రూపంలోనో చెల్లించాల్సి వస్తుంది.

ఒకే ఆయిల్, నాలుగు పనులు

మాన్యువల్ గేర్ల కారులో సాధారణంగా ఇంజన్ ఆయిల్ ఇంజన్‌కే పరిమితం. గేర్‌బాక్సుకు వేరే ఆయిల్ ఉంటుంది. క్లచ్ పొడిగా పనిచేస్తుంది. మోటార్ సైకిళ్లలో అత్యధిక భాగం ఇలా ఉండవు. ఇంజన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు మూడూ ఒకే ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతాయి. హార్లే-డేవిడ్‌సన్ పెద్ద వీ-ట్విన్ బండ్ల వంటి కొన్నింటిలో మాత్రమే ఇంజన్‌కు, ప్రైమరీ చైన్ భాగానికి, గేర్‌బాక్సుకు వేర్వేరు గదులు ఉంటాయి.

ఒకే ఆయిల్ వాడే బండిలో ఆ ఆయిల్ పరస్పర విరుద్ధమైన పనులు చేయాలి. పిస్టన్, బేరింగుల దగ్గర రాపిడి తగ్గించాలి. క్లచ్ ప్లేట్ల మధ్య మాత్రం రాపిడి మిగలాలి, లేకపోతే ఇంజన్ శక్తి చక్రానికి చేరదు. గేరు పళ్ల మధ్య నలిగినా తన చిక్కదనం కోల్పోకూడదు.

నాలుగో పని చల్లబరచడం. ఇంటర్‌సెప్టర్ ఇంజన్‌కు నీటి రేడియేటర్ లేదు. సిలిండర్ల చుట్టూ ఉన్న రెక్కలకు తగిలే గాలి, ముందు భాగంలోని ఆయిల్ కూలర్ కలిసి వేడిని బయటకు పంపుతాయి. గాలితో చల్లబడే వీ-ట్విన్ ఇంజన్లలో ఇంకో ఇబ్బంది ఉంది. వెనక సిలిండర్ ముందు సిలిండర్ చాటున ఉంటుంది కాబట్టి దానికి చల్లగాలి తక్కువగా అందుతుంది, అది ఎక్కువ వేడెక్కుతుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. అలాంటి ఎండలో ట్రాఫిక్‌లో ఆగిన బండికి గాలి ప్రవాహం కూడా ఉండదు. అప్పుడు భారమంతా ఆయిల్ మీదే పడుతుంది.

సింథటిక్ అంటే ఏమిటి?

మినరల్ ఆయిల్ ముడి చమురును శుద్ధి చేస్తే వస్తుంది. ఎంత శుద్ధి చేసినా అందులో రకరకాల పరిమాణాల, ఆకారాల అణువులు కలిసే ఉంటాయి. పాలీ ఆల్ఫా ఓలెఫిన్ అనే సింథటిక్ ఆయిల్ తయారీ వేరు. ఇథిలీన్ వాయువు నుంచి పది కర్బన పరమాణువుల డెసీన్‌ను తయారు చేసి, ఆ అణువులను కొన్నింటిని ఒకదానికొకటి జోడిస్తారు. చివరగా హైడ్రోజన్‌తో చర్య జరిపి వాటికి స్థిరత్వం కల్పిస్తారు. ఏటి ఒడ్డున ఏరిన రాళ్లకూ అచ్చులో పోసిన ఇటుకలకూ ఉన్నంత తేడా ఈ రెంటికీ ఉంటుంది.

అణువులు ఒకే తీరుగా ఉండటం వల్ల మూడు లాభాలు. మినరల్ ఆయిల్‌లోని మైనపు అణువులు చలికి గడ్డకడతాయి. సింథటిక్‌లో అవి ఉండవు కాబట్టి గడ్డకట్టే చలిలోనూ ఆయిల్ పారుతుంది. మినరల్ ఆయిల్‌లోని తేలికపాటి అణువులు వేడికి ఆవిరైపోతాయి, సింథటిక్‌లో ఆ నష్టం తక్కువ. దీన్ని కొలవడానికి నోవాక్ పరీక్షలో ఆయిల్‌ను 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచి, ఎంత బరువు తగ్గిందో చూస్తారు. మూడోది ఆక్సీకరణను తట్టుకోవడం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది స్థూలమైన లెక్క. కాబట్టి వేడి ఇంజన్‌లో ఈ గుణానికి విలువ ఎక్కువ.

అయితే డబ్బా మీద ‘సింథటిక్’ అని ఉన్నంత మాత్రాన లోపల పాలీ ఆల్ఫా ఓలెఫిన్ ఉందని అర్థం కాదు. ముడి చమురు నుంచి వచ్చిన ఆయిల్‌నే అధిక పీడనంలో హైడ్రోజన్‌తో చర్య జరిపి, అణువుల నిర్మాణాన్ని బాగా మార్చి చేసే రకం ఒకటుంది. దాన్ని గ్రూప్-3 అంటారు. దీన్ని సింథటిక్ అనవచ్చా అని అమెరికాలో మొబిల్, కాస్ట్రాల్ కంపెనీల మధ్య వివాదం నడిచింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలక సంస్థ అనవచ్చని తేల్చింది. గ్రూప్-3 ఆయిల్ నాసిరకమేమీ కాదు. కానీ ‘సింథటిక్’ అనేది కచ్చితమైన రసాయన నామం కాదని గుర్తుంచుకోవాలి.

10డబ్ల్యూ-50 చెప్పేదేమిటి?

చిక్కదనాన్ని శాస్త్ర పరిభాషలో స్నిగ్ధత అంటారు. గ్రేడులో డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ తీరును చెబుతుంది. ‘10డబ్ల్యూ’ ఆయిల్ మైనస్ 25 డిగ్రీల దగ్గర ఇంజన్‌ను తిరగనిచ్చేంత పలచగా, మైనస్ 30 దగ్గర పంపు తోడగలిగేలా ఉండాలి. లద్దాఖ్ చలికాలంలో ఇది కీలకం. మన మైదాన ప్రాంతాల్లో దీని ప్రాధాన్యం తక్కువ.

రెండో అంకె వేడి మీద చిక్కదనాన్ని సూచిస్తుంది. ‘50’ అంటే 100 డిగ్రీల దగ్గర స్నిగ్ధత 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. ‘40’ అయితే 12.5 నుంచి 16.3 లోపు. ఆధునిక ట్విన్ ఇంజన్లు చాలావాటిలో క్రాంక్‌షాఫ్ట్ పలచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. వేడికి ఆయిల్ మరీ పలచబడితే ఆ పొర తెగి, లోహం లోహాన్ని తాకుతుంది.

ఒకే ఆయిల్ చలిలో పలచగా, వేడిలో చిక్కగా ఎలా ఉండగలదు? నిజానికి ఏ ఆయిల్ అయినా వేడెక్కితే పలచబడాల్సిందే. ఆ తగ్గుదల మరీ ఎక్కువ కాకుండా పొడవైన గొలుసుల్లాంటి పాలిమర్లు కలుపుతారు. ఇవి చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని, వేడెక్కితే విప్పారి ఆయిల్ ప్రవాహాన్ని నిలువరిస్తాయి.

చిక్కంతా గేర్‌బాక్సులో వస్తుంది. గేరు పళ్ల మధ్య పడిన పాలిమర్ గొలుసులు నలిగి తెగిపోతాయి. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి 50 గ్రేడు ఆయిల్ 40 స్థాయికి దిగిపోవచ్చు. మంచి సింథటిక్ ఆయిల్ స్వతహాగానే వేడికి తక్కువగా పలచబడుతుంది కాబట్టి అందులో కలపాల్సిన పాలిమర్ తక్కువ. తెగిపోయేది తక్కువైతే చిక్కదనం ఎక్కువ కాలం నిలుస్తుంది. గేర్లకూ ఇంజన్‌కూ ఒకే ఆయిల్ వాడే బండికి సింథటిక్ వల్ల కలిగే పెద్ద మేలు ఇదే.

క్లచ్ జారడానికి కారణం వేరు

సింథటిక్ పోస్తే క్లచ్ జారుతుందన్న భయానికి మూలం కారు ఆయిళ్లలో ఉంది. మైలేజీ పెంచడానికి చాలా కారు ఆయిళ్లలో మాలిబ్డినం సమ్మేళనాల వంటి రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. కారు క్లచ్ పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ సమస్య లేదు. అదే ఆయిల్ బైకులో పోస్తే ఆ రసాయనాలు క్లచ్ ప్లేట్ల మీదా పనిచేస్తాయి. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ శబ్దం పెరుగుతుంది, బండి మాత్రం ఆ మేరకు పుంజుకోదు. దోషం ఆ రసాయనాలదే. అవి మినరల్ ఆయిల్‌లో ఉన్నా జరిగేది అదే.

ట్విన్ బండిలో ఈ తేడా త్వరగా బయటపడుతుంది. 100 సీసీ బండి ఇంజన్ ఇచ్చే టార్క్ సుమారు 8 న్యూటన్ మీటర్లు. 648 సీసీ ట్విన్ ఇచ్చేది సుమారు 52. క్లచ్ పట్టి ఉంచాల్సిన బలం అంత ఎక్కువ.

ఈ సమస్యకు పరిష్కారంగా జపాన్ వాహన ప్రమాణాల సంస్థ జాసో 1998లో మోటార్ సైకిల్ ఆయిళ్లకు ప్రత్యేక ప్రమాణం తెచ్చింది. క్లచ్ ప్లేట్ల మీద పరీక్షించి, తగినంత రాపిడి మిగిల్చే ఆయిళ్లకు ‘ఎంఏ’ గుర్తు ఇస్తారు. వాటిలో పట్టు ఎక్కువగా ఉండేవి ‘ఎంఏ2’. రాపిడి తక్కువ ఉన్నవి ‘ఎంబీ’. తడి క్లచ్ లేని గేర్‌లెస్ స్కూటర్లకు ఎంబీ సరిపోతుంది. స్కూటర్ కోసం కొన్న ఎంబీ ఆయిల్‌ను ట్విన్ బైకులో పోయకూడదు.

సింథటిక్ చేయలేనివి

ఆయిల్ ఎంత మంచిదైనా అందులో చేరే మలినాలను అది ఆపలేదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే మసి, ఆమ్లాలు, నీటి ఆవిరి ఆయిల్‌లో కలుస్తాయి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. నీరు, పెట్రోలు ఆవిరై బయటకు పోవు. అందుకే కిలోమీటర్లు నిండకపోయినా మాన్యువల్‌లో చెప్పిన నెలల గడువుకు ఆయిల్ మార్చాలి. సింథటిక్ పోశాం కదా అని గడువు పొడిగించడం మంచిది కాదు. రంగు నల్లబడటం ఒక్కటే చెడిపోయినట్టు గుర్తు కాదు. మసిని గడ్డకట్టకుండా తనలో నిలుపుకునే ఆయిల్ నల్లబడటం సహజం.

డబ్బా కొనేటప్పుడు చూడాల్సిన వరుస ఇది. మొదట బండి మాన్యువల్ చెప్పిన గ్రేడు. తర్వాత జాసో గుర్తు. ఆ తర్వాత ఏపీఐ నాణ్యతా స్థాయి. ఈ మూడూ కుదిరాకే మినరలా, సింథటికా అన్న ప్రశ్న. ఇంటర్‌సెప్టర్‌కు తయారీ సంస్థ సూచించేది 10డబ్ల్యూ-50, జాసో ఎంఏ2 సెమీ సింథటిక్ ఆయిల్. అదే గ్రేడులో, అదే గుర్తుతో ఫుల్లీ సింథటిక్ పోస్తే క్లచ్‌కు ముప్పు లేదు. ఎండల్లో, దూర ప్రయాణాల్లో దాని మేలు కనిపిస్తుంది. కారు కోసం చేసిన 5డబ్ల్యూ-30 ఫుల్లీ సింథటిక్ ఎంత ఖరీదైనా ఈ ఇంజన్‌కు పనికిరాదు.