టైటాన్ మీది ఇసుక

ఇసుక అనగానే మనకు రాతి రవ్వయే తలపునకు వచ్చును. మంజీర ఇసుకను గుప్పిట పట్టి చూచినచో, అందు మెరయునది గ్రానైటు రాయి శిథిలము కాగా మిగిలిన స్ఫటికము. ఎండకును వానకును తక్కిన ఖనిజములు మన్నైపోవును. మొండిదగు స్ఫటికము మాత్రము ఏటి వెంట కొట్టుకొని వచ్చును. శనిగ్రహపు ఉపగ్రహములలో పెద్దదియగు టైటాన్ మీదను ఇసుక కలదు. కాని అది రాతి ఇసుక కాదు. దాని చుట్టములను వెదుకవలెనన్న ఏటి ఒడ్డునకు గాక, సంగారెడ్డి జిల్లాలోని గడ్డపోతారం, బొల్లారం, పాశమైలారం ఔషధ కర్మాగారములకు పోవలెను.

హైగెన్స్ 1655లో కనుగొనిన ఈ ఉపగ్రహపు అడ్డుకొలత సుమారు 5,150 కిలోమీటర్లు. దాని నేల మీద చలి శూన్యమునకు దిగువ 179 డిగ్రీలు. అచ్చట నీటి గడ్డయే బండరాయి. గాలిలో నూటికి 95 పాళ్లు నత్రజని; మిగిలినది ఇంచుమించు మీథేన్. సూర్యుని అతినీలలోహిత కిరణములు పై ఎత్తున ఈ వాయువుల అణువులను ముక్కలు చేయగా, ఆ ముక్కలు మరల కొత్త పొత్తులు కూర్చుకొని బెంజీన్, ఎసిటోనైట్రైల్ మొదలగు కర్బన పదార్థములగును. ఎసిటోనైట్రైల్ మన ఔషధ ప్రయోగశాలలలో నిత్యము వాడు ద్రావకమే. అంతకంటె బరువైన అణువులు నారింజ వన్నె పొగమంచుగా ఏర్పడి మెల్లమెల్లగా నేలకు దిగును. ఇట్టి పదార్థమును ప్రయోగశాలలో తయారుచేసి, 1979లో దానికి ‘థోలిన్’ అని పేరిడినవారు కార్ల్ సాగన్, భారతదేశమున పుట్టిన బిషున్ ఖరేలు.

టైటాన్ మధ్యరేఖ దాపుల నల్లని ప్రాంతములు కొన్ని ఉన్నవి. అవి సముద్రములు కావచ్చునని ఒకప్పుడు కొందరు తలచిరి. 2005లో కసీని నౌకలోని రాడారు చూపగా అవి ఇసుక తిన్నెలు! నూరు మీటర్ల ఎత్తు, తిన్నెకు తిన్నెకు నడుమ ఒకటి మొదలు మూడు కిలోమీటర్ల ఎడము. ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి తిన్నెలకును వీనికిని పోలిక విస్పష్టము.

ఇచ్చట చిక్కు వచ్చినది. పొగమంచు రేణువు మిక్కిలి సూక్ష్మము. ఇసుక రేణువు దానికంటె వందల రెట్లు పెద్దది. ఒకదానితో నొకటి అతుకుకొని పెరిగినవా, లేక ద్రవ మీథేన్ ఇగిరిపోగా మిగిలిన మడ్డి పెళుసుబారి విరిగినదా అను వాదము తెగలేదు. ప్రయోగశాలలో చేసిన థోలిన్ మాత్రము పెళుసైనది. అంత పెళుసు రేణువు ధ్రువముల నుండి దొర్లుచు వచ్చినచో దారిలోనే పిండియగును. కనుక ఇసుక పుట్టిల్లు తిన్నెలకు చేరువనే ఉండవలెను.

మరి గాలి సంగతి? అచ్చటి గురుత్వము మన భూమిపై గలదానిలో ఏడవ వంతు. గాలి సాంద్రత నాలుగు రెట్లు. పిల్లగాలికే ఇసుక లేవవలసినది. పైగా నేల మీద వీచు గాలి సాధారణముగా తూర్పు నుండి పడమటికి. తిన్నెల తీరు చూడగా ఇసుక నడచినది పడమటి నుండి తూర్పునకు. 2017లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు నాఫ్తలీన్, అనగా మనము బట్టల పెట్టెలో వేయు కలరా ఉండల సరుకు, మరియొక కర్బనపు పొడి తీసికొని, పొడి నత్రజనిలో డ్రమ్మున వేసి త్రిప్పిరి. రేణువులు ఒరసికొని విద్యుదావేశము పొందినవి. కొంత పొడి గోడలకు అంటుకొని రాలనే లేదు. మామూలు ఇసుకను త్రిప్పగా అంతయు రాలినది. టైటాన్ చలిలో, తడిలేని గాలిలో ఈ ఆవేశము చాలకాలము నిలుచును. అంటుకొనియున్న ఇసుకను పిల్లగాలి కదల్పలేదు. ఎప్పుడో మీథేన్ తుఫానుల వేళ పడమటి నుండి వచ్చు పెనుగాలియే దానిని లేపునని ఒక సిద్ధాంతము. నాకు ఇది సమంజసముగనే తోచుచున్నది.

గడ్డపోతారం వైపు కర్మాగారములలో పనిచేయువారికి ఈ ఆవేశము కొత్త కాదు. ఎండిన మందుపొడిని రియాక్టరులోనికి ఒంపునప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలును. అందుకే డ్రమ్ముకు ఎర్తు తీగ తగిలింతురు; రియాక్టరులో నత్రజని నింపి ప్రాణవాయువును వెళ్లగొట్టుదురు. టైటాన్‌కు ఆ నత్రజనిని ప్రకృతియే నింపి పెట్టినది. అచ్చట నిప్పురవ్వ పుట్టినను మంట పుట్టదు. మనకు ఆ రక్ష లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో, సెల్యులోజు పొడి తయారగు కర్మాగారమున జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా మరణించిరి. గాలిలో లేచిన ధూళియే అంటుకొనియుండునని మొదటినుండియు అనుమానము వినవచ్చినది.

టైటాన్ ఇసుకను స్వయముగా పరీక్షించుటకు అమెరికా వారి ‘డ్రాగన్‌ఫ్లై’ 2028లో బయలుదేరి 2034లో చేరవలెనని సంకల్పము. రెక్కలు త్రిప్పుచు ఎగురు ఈ యంత్రము షాంగ్రీలా తిన్నెల మీద దిగి, నేలను తొలిచి, ఆ పొడిని గాలితో గొట్టము గుండ లోనికి పీల్చుకొనును. పొడి గొట్టమునకు అంటుకొనక లోనికి చేరుట ఎట్లన్నదే ఇంజనీర్ల ముందున్న పని.