పెరటిలోని విభూతులు

విభూతి యనగానే మనలో పెక్కండ్రకు నుదుట ధరించు భస్మము జ్ఞప్తికి వచ్చును. ఆ మాటకే వేఱొక యర్థము కలదు. భగవద్గీతలో పదియవ యధ్యాయమునకు విభూతియోగమని పేరు. భగవంతుని మహిమ మన కంటికి దెలియవచ్చు తావులకు అచ్చట విభూతులని పేరు. ఇరుసేనల నడుమ రథము నిలిచియుండగా అర్జునుడు కృష్ణుని ఒక ప్రశ్న యడిగెను: నిన్ను నేను ఏయే వస్తువులయందు దలచుకొనవలెను? వినుటకు వేదాంతప్రశ్నవలె నుండునుగాని, ఇల్లు విడిచి కదలలేని గృహిణి యడుగదగిన ప్రశ్న యిదియే. కానరాని దేవుని ఊరక తలచుట కష్టము. కానవచ్చు దేనిని జూచి తలచుకొందును?

దానికి ప్రత్యుత్తరముగా కృష్ణుడు చెప్పినది పెద్ద పట్టిక. జ్యోతిస్సులలో సూర్యుడు, చెట్లలో రావి, నదులలో గంగ, కొండలలో మేరువు, మాసములలో మార్గశిరము, ఋతువులలో వసంతము, అక్షరములలో అకారము, ఇవి యన్నియు దానేయని చెప్పుచు బోయెను. మనము బిడ్డచేత పలకమీద మొట్టమొదట దిద్దించు అక్షరముకూడ అందు జేరినది. ఇంత చెప్పియు తుదకు, తన విభూతులకు అంతము లేదనియు, తాను చెప్పినది మచ్చునకు మాత్రమే యనియు ముగించెను.

పురాణము చెప్పువారు ఈ తుదిమాటను త్వరగా దాటిపోవుదురు. నాకు మాత్రము అధ్యాయమంతటిలో నిదియే ముఖ్యముగా దోచును. పట్టిక ముగియలేదన్నమాట. తక్కినది ఎవరి పెరటిలో వారు చూచి చేర్చుకొనవలసినదే. మేరుపర్వతము మన గుమ్మము ముందునకు రాదు. గంగాస్నానము జన్మమున కొక్కసారి లభించినను లభింపకున్నను, బీరపాదు ప్రతిదినము కనబడుచునే యుండును.

బీరపాదు మాట వచ్చినది గనుక దానినే చూతము. బీరపువ్వు పగలు విచ్చదు. ప్రొద్దు వాలి, దీపము పెట్టువేళ యగునప్పటికి పందిరినిండ పసుపుపచ్చని పూవులు ఒకదానివెంట నొకటి విప్పారును. గడియారములు లేని కాలమున, మబ్బుపట్టి ప్రొద్దు తెలియని దినములలో, బీరపువ్వులు విచ్చినవేమో చూచిరమ్మని పిల్లలను బంపి పల్లెస్త్రీలు సంధ్యవేళను దెలిసికొనెడివారు. చీకటిపడు సమయమున ఆ పువ్వు ఎవరికొఱకు విచ్చును? రాత్రులందు దిరుగు రెక్కలపురుగులకొఱకు. అవి వచ్చి పుప్పొడి నొకపువ్వునుండి యింకొకదానికి జేర్చినగాని పిందె నిలువదు. ఆనపపాదు తెల్లపువ్వుకూడ ఇట్లే సాయంకాలపుది. ఆ దడిమీదనే ప్రాకిన గుమ్మడిపాదు నడవడి వేఱు. దాని పువ్వు తెల్లవారుజామున విచ్చును. తేనెటీగలు వచ్చి పోవును. మధ్యాహ్నము కాకమునుపే ముడుచుకొనును. ఒకే దడి, ఒకే మన్ను, ఒకే నీరు. రాత్రి తిరుగువారికి ఒక విస్తరి, పగలు తిరుగువారికి వేఱొక విస్తరి!

గుమ్మడిలో పిందెగల పువ్వులు కొన్ని, పిందెలేని పువ్వులు పెక్కు. ధనుర్మాసమున గొబ్బెమ్మలపై నుంచుటకు బువ్వులు కోయునప్పుడు, తెలిసిన యిల్లాలు తొడిమక్రింద తడవి చూచి పిందెలేని పువ్వునే త్రుంచును. దేవతకు పువ్వు దక్కెను, ఇంటికి కాయ దక్కెను. ఈ తడవి చూచుటయే నాకు పూజలో సగముగా దోచును.

పెరడు లేనివారికి వంటయిల్లు గలదు. రాత్రి పనులన్నియు ముగిసిన పిదప పాలు తోడుపెట్టుదుము. వ్రేలు ముంచి గోరువెచ్చదనము చూచి, చెంచెడు మజ్జిగ వేసి మూతపెట్టి పోయి నిద్రింతుము. చలికాలమైనచో గిన్నెను పొయ్యిప్రక్కకు జరుపుదుము. మన మందఱము నిద్రించుచుండగా, కంటికి గానరాని సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలియై పెరిగి, పాలలోని చక్కెరను పులుపుగా మార్చును. ఆ పులుపుచేత పాలు పేరుకొనును. తెల్లవాఱి మూత దీసినచో, కత్తితో గోసినట్లు నిలుచు పెరుగు. అందు మన వంతు చెంచెడు మజ్జిగయు, వ్రేలికొనకు దెలిసిన వెచ్చదనమును మాత్రమే. కారణము తెలిసినచో మహిమ పోవునని కొందఱందురు. అట్లనువారు ఎన్నడును పాలు తోడుపెట్టి యెఱుగరని నా యనుమానము. కారణము తెలిసిన నాటినుండి ఆ మూత దీయునప్పుడు నాకు మునుపటికంటె నెక్కుడు వింతగా నుండును.

మన పూర్వులు ఈ చూపును పండుగలలో నిమిడ్చియుంచిరి. వినాయకచవితికి ఇరువదియొక్క విధముల పత్రి కావలెను. మారేడు, గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వావిలి, జమ్మి, రేగు, దానిమ్మ, మరువము మొదలైనవి. ఏడాదికొక్కసారియైనను ఇంటిలోని చిన్నవారు పొలముగట్ల వెంబడి దిరిగి, ఏ యాకు ఎట్టిదో, ఏది ముండ్లదో, ఏది నలిపిన వాసనవేయునో నేర్చుకొనుట కదియొక యుపాయము. ఇప్పుడు పట్టణములలో పత్రియంతయు నొకకట్టగా అంగడిలో దొరకుచున్నది. దానిని దెచ్చి, పుస్తకము చూచి, పేరు చదివినప్పుడెల్ల చేతికందిన యాకు నొకదానిని వేయుచున్నాము. పూజ జరుగునుగాని పరిచయము జరుగదు. కట్టను విప్పి, పూజకు ముందురాత్రి పిల్లలను గూర్చుండబెట్టుకొని ఆకులను వేఱుచేసినచో ఈ లోపము కొంత తీఱును.

తెలంగాణమందలి బతుకమ్మ యింకను గొప్పది. మహాలయ అమావాస్య మొదలు తొమ్మిదిదినములు జరుగు ఈ పండుగ 2014వ సంవత్సరమున రాష్ట్రపు పండుగగా బ్రకటింపబడినది. అందు పువ్వులను దెచ్చి ప్రతిమ పాదములకడ నుంచుట కాదు, పేర్చిన పువ్వులే దేవత. ఆ పువ్వులైనను ఎట్టివి? తంగేడు, గునుగు. బీడుభూములలో తంగేడును, చేలగట్లపై గునుగును తమంతట దామే మొలచును. ఎవరును విత్తలేదు, నీరు పోయలేదు. మిగిలిన దినములలో వానిని గలుపుమొక్కలని పీకి పాఱవేయుదుము.

ఇంతదాక చదివిన సోదరి యెవరైన నొక ప్రశ్న వేయవచ్చును. పువ్వులో దేవుడున్నాడంటిరి, బాగున్నది, ఉప్పెనలోనో? 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లాలోని దివిసీమపై సముద్రము వచ్చిపడినప్పుడు పదివేలమందికి బైగా బ్రాణములు గోలుపోయిరి. ఆ బురదలో బిడ్డను వెదకికొన్న తల్లియెదుట పువ్వుల మాట యెత్తుటకు నాకు నోరు రాదు, ఎవరికిని రాకూడదు. అయితే ఆ పట్టిక దీనిని దాచలేదు. సర్వమును హరించు మృత్యువుకూడ దానేయని కృష్ణు డచ్చట స్పష్టముగా జెప్పెను. ముప్పదినాలుగవ శ్లోకములో నీ మాట యున్నది. ఆ శ్లోకముననే, దాని వెనువెంటనే, పుట్టబోవు వానికి పుట్టుకయు దానేయని చెప్పి, స్త్రీలయందు గల యేడింటిని బేర్కొనెను. కీర్తి, శ్రీ, వాక్కు, స్మృతి, మేధ, ధృతి, క్షమ. మృత్యువును, స్త్రీల ధృతిని ఒక్క శ్లోకమున జేర్చుట ఊరక జరిగినదని నే ననుకొనజాలను. చావు వచ్చిన యింట మరల పొయ్యి వెలిగించు చేయి యెవరిదో మనకు దెలియును.

ఇచ్చట నొకమాట చెప్పక తప్పదు. ఈ యేడింటిలో మనకు బెద్దలు దినదినము బోధించునది కడపటిది మాత్రమే. క్షమ, క్షమ యని వినివిని మన చెవులు తూట్లుపడినవి. మేధ యేమయ్యెను? వాక్కు నెవరు దాచిరి? వానినిగూడ భగవంతుడు తన విభూతులుగానే చెప్పెను గదా! పెరటిని చూచుటకు మేధ కావలెను, చూచినది మఱవకుండుటకు స్మృతి కావలెను, బిడ్డలకు జెప్పుటకు వాక్కు కావలెను. గుమ్మడిపువ్వులో దూరిన తేనెటీగ బయటికి వచ్చువఱకు దడివద్ద నిలిచి చూచు పిల్లను, పనిదొంగ యని కేకవేసి లోనికి బిలుచుచున్నాము. బిందె కొంచె మాలస్యముగా నిండిన నేమి మునిగిపోవును? ఆ పిల్ల చేయుచున్నది మనము చెప్పుకొనుచున్న పనియే.

మనకు దీరిక యెక్కడిది యనువారు గలరు. వారి మాట నిజము. వారికి నేను మఱియొక నోమును చెప్పబూనలేదు. ఉన్న నోములే చాలును. ఇందు అదనముగా జేయవలసిన పని యేదియు లేదు. చేయుచున్న పనిలో ఒక రెప్పపాటు చేయి నిలుపుటయే.

మేడమీద మేడగా నున్న పట్టణపు గృహములలో వసించువారు వసారాలో పెద్దకుండీయందు రెండు బీరగింజలు నాటి, ఎండతగులు తావున నుంచి, పైకి త్రాడు కట్టుడు. నెలన్నరకు పూత వచ్చును. మొదట వచ్చునవి గుత్తులుగా విచ్చు పిందెలేని పువ్వులు. కాయ నిలువలేదని దిగులుపడి పాదును పెఱుకవలదు. పిందెగల పువ్వు తరువాత ఒంటరిగా వచ్చును. అంత యెత్తునకు రెక్కలపురుగులు రాకపోవచ్చును. అప్పుడు దీపము పెట్టిన పిదప, పిందెలేని పువ్వు నొకదానిని ద్రుంచి, దాని పుప్పొడిని పిందెగల పువ్వు నడిమిభాగమునకు మెల్లగా నద్దుడు.